పెరటిలో అరుదైన నిమ్మజాతి చెట్లు

గృహస్థు ఇల్లు కట్టుకొనగానే పెరటిలో నాటదలచు మొక్కలలో కరివేపాకు తరువాత స్థానము నిమ్మదే. పులిహోరకు, పచ్చడికి, వేసవి దాహమునకు, గుమ్మమునకు కట్టుటకు, పెద్దలను దర్శించునపుడు చేతికి అందించుటకు నిమ్మకాయ కావలెను. ఏలూరు, దెందులూరు ప్రాంతముల మెట్టభూములలో నిమ్మ వాణిజ్యపు పంట. ఏలూరు విపణినుండి నిమ్మకాయలు బస్తాలలో దూరప్రాంతములకు తరలిపోవుచుండును. కాని నిమ్మ ఒక పెద్ద కుటుంబములో ఒక్క బిడ్డ మాత్రమే. దబ్బ, నారింజ, పంపరపనస, మాదీఫలము, కిచ్చిలి మొదలగునవి అన్నియు దాని తోబుట్టువులే. నేటి ప్రసంగము ఆ తోబుట్టువులను గూర్చి.

ఈ చెట్లకు అంగడితో సంబంధము తక్కువ. ఒకరి పెరటిలో దబ్బచెట్టు ఉన్నచో ఆ వీధి అంతటికి ఊరగాయ అమరుచుండెను. ఒకరి ఇంటి నూతివద్ద నారింజ ఉన్నచో పథ్యము తినువారి ఇండ్లకు కాయలు పోవుచుండెను. వీనిని ఎవరును తోటలుగా వేయలేదు, సంతకు తేలేదు. కావుననే పెరడు చిన్నదై, దానిలో మరియొక గది లేచినపుడు ఈ చెట్టు మొదట పడిపోవును. చెట్టు కొట్టివేసిన మరునాడు లోటు ఎవరికిని తోచదు. శీతకాలములో ఊరగాయ పెట్టదలచిన ఇల్లాలు కాయకొరకు ఊరంతయు వెదకించినపుడు తోచును. అప్పటికి విత్తనమునకైనను కాయ మిగిలియుండదు. మామిడిలో ఒక రకము పోయినను వేరొక తోటలో దొరకవచ్చును. పెరటిలో మాత్రమే బ్రతికిన చెట్టు పెరటిలో చచ్చినచో దానికి వేరు చోటు లేదు.

ఈ కుటుంబము పుట్టుపూర్వములు కొంచెము తెలిసికొనుట మంచిది. హిమాలయముల ఆగ్నేయపు దిగువ కొండలు, అనగా అస్సాము తూర్పు భాగము, బర్మా ఉత్తర భాగము, చైనాలోని యున్నాన్ పడమటి భాగము దీని జన్మభూమియని 2018లో వెలువడిన జన్యుపరిశోధన తేల్చినది. సుమారు 80 లక్షల సంవత్సరముల క్రిందట అక్కడ ఋతుపవనములు బలహీనపడినపుడు ఈ జాతి నలుదిక్కులకు వ్యాపించినదట. పంపరపనస, మాదీఫలము, కమలాజాతి మొదలైనవి మూలపురుషులు. తక్కినవానిలో పెక్కు వీని సంకరములే. పంపరపనసకును కమలాజాతికిని పుట్టినది పుల్లనారింజ. ఆ నారింజకును మాదీఫలమునకును పుట్టినది పెద్ద నిమ్మ, అనగా పాశ్చాత్యుల లెమన్. మన చిన్న నిమ్మకు మాదీఫలము తండ్రి. తల్లి ఫిలిప్పీను దీవుల అడవిజాతి. ఇంత చిన్న కాయలో అంత దూరపు చుట్టరికము కలదు.

పేర్లును ఇట్లే దేశములు తిరిగినవి. సంస్కృతములో నారంగమనియు, మనకు నారింజయనియు ఉన్న మాట పారశీకుల నోట నారంగ్, అరబ్బుల నోట నారంజ్, స్పెయిను దేశమున నరంజా అయి, ఇంగ్లండు చేరుసరికి మొదటి నకారమును పోగొట్టుకొని ఆరెంజి అయినది. ఆ మాటకు మూలము ద్రావిడమని భావించు పండితులు అనేకులు. నేటి జకార్తాకు డచ్చివారు పెట్టిన బటావియా అను పేరునుండి మన బత్తాయి వచ్చినదందురు. ఆ పండునే రాయలసీమవారు చీనీ అందురు. ఒకే పండునకు ఒకరు జావా పేరును, ఒకరు చైనా పేరును పెట్టినారన్నమాట. పంపర అను మాట డచ్చివారి పాంపెల్‌మూస్ అను మాటను పోలియున్నది. ఆ డచ్చివారు మన పాలకొల్లులో వర్తకస్థానము నడిపినవారే.

ఇక ఒక్కొక్క చెట్టును చూతము. వీనిని గుర్తించుటకు కాయకొరకు వేచియుండనక్కరలేదు, ఆకు చాలును. నిమ్మజాతి ఆకుతొడిమకు ఇరువైపుల రెక్కవంటి అంచు ఉండును. పంపరపనసకు ఆ రెక్క మిక్కిలి వెడల్పు. ఒక ఆకు మీద మరియొక చిన్న ఆకు అతికించినట్లుండును. నారింజకు మధ్యరకము. నిమ్మకు సన్నని అంచు. మాదీఫలమునకు రెక్కయే ఉండదు. పేర్లు ఊరూరికి మారుచుండును; ఒక ఊరి దబ్బ మరియొక ఊరిలో మరియొకటి కావచ్చును. కావున పేరు విని కొనక, ఆకును చూచి, నలిపి వాసన చూచి, వీలైనచో తల్లిచెట్టు కాయను కోసి చూచి కొనవలెను.

పంపరపనస వీనిలో అన్నిటికంటె పెద్ద కాయ. లోపలి తొనలు కొన్నింట తెలుపు, కొన్నింట గులాబి రంగు. వినాయకచవితినాడు పాలవెల్లికి ఈ కాయను కట్టు ఇండ్లు కలవు. తొనపైనున్న తెల్లని పొర చేదు. దానిని పూర్తిగా ఒలిచి, లోపలి ముత్యములను మాత్రమే తినవలెను. ఈ చెట్టులో పెక్కు రకములు తమ పుప్పొడితో తాము కాయవు. ఏటేట పూచియు కాయనిలువని ఒంటిచెట్టు ఉన్నచో దానిని గొడ్డుచెట్టని నిందించి కొట్టుటకు ముందు, సమీపమున మరియొక నిమ్మజాతి చెట్టును పెంచి చూడవలెను.

మాదీఫలమును సంస్కృతమున మాతులుంగమనియు, బీజపూరమనియు అందురు. కొల్హాపురపు మహాలక్ష్మి చేతిలోని ఫలము ఇదియే. ఆయుర్వేదమునకు ఇది పాత నేస్తము. యూదులు తమ పర్ణశాలల పండుగలో చేతపట్టు ఎత్రోగ్ అను ఫలమును ఈ జాతిదే. దీనిలో రసము తక్కువ; మందమైన తోలే దీని సంపద. ఊరగాయకు, పాకములో వేసి నిలువచేయుటకు ఆ తోలే పనికివచ్చును.

దబ్బకాయ పులిహోర రుచి ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఒకటి మాత్రము గృహిణులకు మనవి. నిమ్మ కానిండు, దబ్బ కానిండు, పొయ్యి మీదనుండి దింపిన పిమ్మటనే రసము పిండవలెను. మరిగినచో చేదెక్కుటయే కాక, దానిలోని సి విటమినులో కొంత నశించును. ఆ విటమిను పేరు ప్రపంచమునకు తెలియుటకు చాల ముందు, 1747లో జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు చిగుళ్ళు చీకి మంచముపట్టిన 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విభజించి ఒక్కొక్క జంటకు ఒక్కొక్క ఔషధ మిచ్చెను. నారింజలును నిమ్మపండ్లును తిన్న ఇద్దరు అందరికంటె ముందు కోలుకొనిరి.

కిచ్చిలి మన ప్రాంతపు సొత్తని చెప్పదగిన చెట్టు. దీనికి వడ్లపూడి నారింజయనియు, గుంటూరు నారింజయనియు పేర్లు కలవు. జపాను శాస్త్రజ్ఞుడు తనాకా దీనికి శాస్త్రీయనామము పెట్టునపుడు మద్రాసు పేరునే చేర్చినాడు. లోకములోని నిమ్మజాతుల పట్టికలో తెలుగు ఊళ్ళ పేర్లతో నిలిచిన ఈ చెట్టును తెలుగువారే మరచుట తగదు.

క్రొత్తవానిలో కుంక్వాట్, కాలమొండిన్ అను చిన్న చెట్లు మేడమీది కుండీలకు అనుకూలములు. కుంక్వాట్ కాయ ఉసిరికాయంత ఉండును. తోలు తీపి, లోపలి భాగము పులుపు. దానిని తోలుతోనే తినవలెను. కుండీ నోరు అడుగున్నర వెడల్పునకు తగ్గరాదు. అడుగున నీరు పోవు రంధ్రములు తప్పక ఉండవలెను.

ఇప్పుడు అసలు చిక్కునకు వచ్చుచున్నాము. నిమ్మజాతికి నీరు కావలెను గాని నిలువనీరు పనికిరాదు. దాని ఆహారపు వేళ్ళు ఎక్కువ భాగము పై రెండడుగుల మట్టిలోనే ఉండును. వానికి గాలి ఆడవలెను. మన సీమలో ప్రకృతి ఒక గీత గీసినది. ఏలూరు కాలువకు ఉత్తరముగా దెందులూరు, ద్వారకా తిరుమల, చింతలపూడి వైపు పోయినకొలది మెట్ట. ఎర్రనేల, ఇసుక పాలు ఎక్కువ, వాన వెలిసిన గంటకు నీరు ఇంకిపోవును. తాడేపల్లిగూడెమునకు ఉత్తరమునను ఇంతే. దక్షిణమునకు దిగినచో డెల్టా. నల్లని బంకమట్టి, వర్షకాలములో చేతికందు లోతున నీరు. ఇంకను దిగినచో కొల్లేరు. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీరు అక్కడ చేరి, ఉప్పుటేరు గుండ సముద్రమునకు పోవలెను. వేసవిలో ఆ ఉప్పుటేటి గుండనే ఉప్పునీరు ఎగదన్నును. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా రామ్‌సార్ పట్టికకెక్కినది. కాని చుట్టుపట్ల పొలములు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారినచోట్ల గట్టు ఆవలి పెరడు ఊటనీటితో తడిసియే ఉండును. అట్టిచోట నిమ్మచెట్టు ఆకులు పసుపుబారి, కొనలు మాడి, రెండు మూడేండ్లలో ఎండిపోవుట చూచి, యజమాని దిష్టి తగిలినదనుకొనును. తగిలినది దిష్టి కాదు, వేరుకు ఊపిరాడలేదు. లేదా నీటిలో ఉప్పు హెచ్చినది. పండ్లచెట్లలో ఉప్పుకు తట్టుకొనలేని వానిలో నిమ్మజాతి యొకటి.

అట్లని డెల్టావాసులు ఆశ వదలుకొననక్కరలేదు. ముందుగా నేలను పరీక్షింపవలెను. నాటదలచిన చోట రెండడుగుల గుంట త్రవ్వి, నీటితో నింపి, ఇంకిన పిమ్మట మరల నింపుడు. మరునాటి ఉదయమునకు నీరు మిగిలియున్నచో అక్కడ గుంటలో నాటరాదు; దిబ్బమీద నాటవలెను. లంకగ్రామములవారు ఇల్లు కట్టుటకు ముందు దిబ్బ పోయుదురు గదా! చెట్టుకును అదే న్యాయము. రెండడుగుల ఎత్తున, అడుగున ఐదారడుగుల వెడల్పున దిబ్బ పోసి, దానిలో ఎర్రమట్టి, ఇసుక, బాగుగా మాగిన పశువుల ఎరువు కలిపి, నడినెత్తిన మొక్కను నాటవలెను. మెట్టలో తొలకరి వానలకు నాటవచ్చును. పల్లములో వానలు తగ్గిన పిమ్మట, అక్టోబరు నవంబరు మాసములలో నాటుట మేలు. బావినీరు ఉప్పగా నున్నచో, లేదా పాదులో తెల్లని పొక్కు కట్టుచున్నచో, ఆ నీరు పోయక వాననీటిని తొట్టిలో పట్టి వాడవలెను. అదియు వీలుకానిచో కుండీలో పెంచవలెను.

మొక్కను సంపాదించుట తరువాతి మాట. నిమ్మ, నారింజ గింజలలో ఒక విశేషము కలదు. ఒక్క గింజనుండి రెండు మూడు మొలకలు వచ్చును. వానిలో పెక్కు తల్లి కణజాలమునుండియే పుట్టినవి. కావున తల్లి గుణమే వచ్చును. పంపరపనస, మాదీఫలము గింజలలో పిండము ఒక్కటే. అది తల్లిదండ్రుల కలయికవలన పుట్టినది. మంచి పంపరపనస గింజను నాటినచో ఏడెనిమిదేండ్లు కాచి, తుదకు చేదుకాయను చూడవలసి రావచ్చును. వీనిని అంటుగానే పెంచవలెను. మాదీఫలపు కొమ్మ ముక్క నాటినను సులభముగా వేరుపట్టును.

గాలి అంటు కట్టుట ఇంటివారందరు చేయదగిన పని. వానకాలములో, పెన్సిలంత లావుగల ఏడాది కొమ్మను ఎన్నుకొని, కణుపు క్రింద అంగుళము మేర చుట్టును బెరడు తీసివేయవలెను. లోపలి జిగటపొరను కత్తితో గీకివేయవలెను. లేనిచో బెరడు మరల కలిసిపోవును. ఆ గాయముమీద తడిపి పిండిన నాచును గాని, కొబ్బరిపొట్టును గాని పిడికెడు పెట్టి, పాలిథీను కాగితము చుట్టి, రెండు కొనలు గట్టిగా కట్టవలెను. ఆరు మొదలు ఎనిమిది వారములకు కాగితములోనుండి తెల్లని వేళ్ళు కనిపించును. అప్పుడు కొమ్మను ఒక్కసారిగా కోయక, మొదట సగము, వారమునకు తక్కిన సగము కోసి, కుండీలో నాటి, క్రొత్త చిగురు వచ్చువరకు నీడన ఉంచవలెను. ఇట్టి మొక్కకు తల్లివేరు ఉండదు. గాలివానలకు ఒరగకుండ కొన్నేండ్లు ఊతకర్ర కట్టవలెను.

కన్ను అంటు కట్టిన మొక్కను కొన్నవారికి ఒక హెచ్చరిక. ఆ మొక్కకు పైభాగమొకటి, వేరుభాగమొకటి. వేరుభాగము సాధారణముగా జంబీరము గాని, రంగపూరు నిమ్మ గాని అయియుండును. అంటు క్రిందనుండి వచ్చు పిలక మిక్కిలి ఏపుగా పెరుగును. దానిని చూచి యజమాని సంతసించును. రెండేండ్లలో ఆ పిలక పైచెట్టును మ్రింగివేయును. అప్పుడు, బత్తాయి నాటితిమి, పుల్లకాయలు కాచుచున్నవి, నేల మంచిది కాదు అను మాట వినబడును. నేల చేసిన తప్పు ఏమియు లేదు. అంటు అతుకునకు దిగువన వచ్చు ప్రతి చిగురును లేతగా నున్నపుడే చేతితో తుంచివేయవలెను. నాటునపుడు ఆ అతుకు మట్టికి జానెడు పైన ఉండవలెను.

నీరు మొదటికి తగులునట్లు పోయరాదు. మొదలు చుట్టు మట్టిని కొంచెము ఎగదోసి, దానికి ఆవల పాదు చేసి, అక్కడ పోయవలెను. మొదలు తడిసియుండినచో బంక తెగులు వచ్చును. బెరడు పగిలి జిగురు కారును. అట్టి చోట చెడిన బెరడును గీకివేసి బోర్డో ముద్ద పూయవలెను. కిలో మైలుతుత్తమును ఐదు లీటర్ల నీటిలోను, కిలో సున్నమును మరియొక ఐదు లీటర్లలోను వేరువేరుగా కరగించి కలిపినచో ఆ ముద్ద సిద్ధమగును. ఒకటి రెండు చెట్లకు దీనిలో పదవ వంతు చాలును. ఇనుప పాత్ర వాడరాదు. మట్టిపాత్ర గాని ప్లాస్టిక్కు పాత్ర గాని వాడవలెను. ఆకు పసుపుబారి ఈనెలు మాత్రము పచ్చగా నున్నచో అది జింకు లోపము. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు, రెండున్నర గ్రాముల సున్నము కలిపి, వడకట్టి, లేత ఆకులపై చల్లవలెను. ఎదిగిన చెట్టుకు ఏటేట రెండు తట్టల మాగిన ఎరువు, కిలో వేపపిండి వేసిన చాలును. చెట్టు క్రింద గునపముతో లోతుగా త్రవ్వరాదు. పై వేళ్ళే దానికి ప్రాణము.

లేత ఆకులపై పక్షిరెట్టవంటి మచ్చ కదలినచో అది నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగు. ఏరివేసిన చాలును. ఈ పురుగు కరివేపాకును, మారేడును కూడ తినును. అవియు ఈ కుటుంబమునకు చుట్టములే. ఆకులపైనను కాయలపైనను గరుకు మచ్చలు తేలినచో అది గజ్జి తెగులు. నిమ్మకు ఇది ఎక్కువ. దీనిని కొంతవరకు తట్టుకొను బాలాజీ అను నిమ్మరకమును తిరుపతి నిమ్మజాతి పరిశోధన స్థానము వెలువరించినది.

అన్నిటికంటె భయంకరమైనది ఒక చిన్న రసముపీల్చు పురుగు మోసుకొనివచ్చు పచ్చతెగులు. ఇది పట్టిన చెట్టుకు మందు లేదు. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రములో 2005లో ఇది కనబడిన పిమ్మట అక్కడి నారింజతోటలు కుప్పకూలినవి. కావున దూరప్రాంతమునుండి ముచ్చటపడి కొమ్మముక్కలను సంచిలో వేసికొని తెచ్చుట మేలు కాదు. ఆరోగ్యముగల తల్లిచెట్టునుండి, తెలిసిన నర్సరీనుండి మాత్రమే మొక్క తేవలెను. తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెములో 2007లో ఏర్పడిన ఉద్యానవిశ్వవిద్యాలయము మనకు సమీపమున కలదు. గోదావరి ఆవల కడియము నర్సరీలు ఉండనే ఉన్నవి.

ఆరోగ్యమునకు సంబంధించిన మాట యొకటి. పంపరపనసయు, దాని సంకరమైన గ్రేప్‌ఫ్రూటును కొన్ని ఔషధముల బలమును శరీరములో అపాయకరముగా పెంచును. రక్తపుపోటునకు, కొలెస్ట్రాలునకు వాడు మందులలో కొన్ని ఇట్టివి. అట్టి మందులు వాడువారు వైద్యుని అడిగి తినవలెను. ఇంటి చెట్టు కాయయైనను ఈ నియమము తప్పదు.

మేఘాలయములోని గారో కొండలలో, నోక్రెక్ అనుచోట, అడవి నారింజను కాపాడుటకు ప్రభుత్వము ఒక రక్షితవనమును ఏర్పరచినది. అది అడవిచెట్టుకు రక్ష. పెరటిచెట్టుకు పెరటివారే రక్ష. మీ వీధిలో ముసలి దబ్బచెట్టు గాని, కిచ్చిలి గాని, తెల్లతొనల పంపరపనస గాని ఉన్నచో, ఈ వానకాలమునందే యజమానిని అడిగి మూడు కొమ్మలకు అంటు కట్టుడు. ఒకటి మీరు ఉంచుకొని, ఒకటి బంధువులకు, ఒకటి మెట్టప్రాంతములో నున్న స్నేహితులకు ఇండు. ఒక్క గాలివానకు గాని, ఒక్క వరదకు గాని మూడు చెట్లును ఒకేసారి పోవు. చెట్టు ఎక్కడ ఉన్నదో, కాయ ఎట్లుండునో, దానితో ఇంటిలో ఏమి వండుచుండిరో ఒక కాగితముపై వ్రాసి ఉంచుడు. కాయను కొనలేని కాలము వచ్చినపుడు ఆ మూడు అంటులే ఊరి అంగడి.